కరువు నేలలో మేత చెట్లకు సేంద్రియ ఎరువులు: రెండేళ్ల వాడకం తర్వాత ఒక దుకాణంపై సమీక్ష

బెంగళూరులో కె.ఆర్.పురం దాటి పాత మద్రాసు రోడ్డు మీద హోస్కోట వైపు వెళ్లేటప్పుడు సేంద్రియ ఎరువులు, విత్తనాలు, నర్సరీ మొక్కలు అమ్మే ఒక దుకాణం వస్తుంది. 2023 మే నెల నుంచి రెండేళ్లకు పైగా అక్కడే వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), వేపపిండి, నగర కంపోస్టు (నగరం చెత్తతో చేసిన ఎరువు) కొంటూ వచ్చాను. కొన్నది మిద్దె మీది కుండీల కోసం కాదు. హోస్కోట నుంచి చింతామణి వెళ్లే దారిలో మా చిన్నాయనకు ఎకరంన్నర ఎర్రనేల ఉంది. ఆయన మేకలకు, గొర్రెలకు ఎండాకాలంలో పచ్చిమేత దొరికేలా అక్కడ మేత చెట్లు పెంచాలన్నది మా ఉద్దేశం. ఈ దుకాణాల గురించి జనం చెప్పుకొనే మాటల్లో చాలావరకు గులాబీలకు, టమాటాలకు సంబంధించినవే ఉంటాయి. రోజూ నీళ్లు పోసే కుండీలో బాగా పనిచేసిన ఎరువు, పది రోజులకొక బిందె నీళ్లు కూడా కష్టమైన గుంతలో అలాగే పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక విడత సరుకులో వచ్చిన లోపం గురించి కూడా వివరంగా చెప్పవలసి ఉంది కనుక దుకాణం పేరు రాయడం లేదు.

మేము మొక్కలు పెట్టిన ఏడాది ఎలాంటిదో ముందు చెప్పాలి. 2023 జూన్ రెండో పక్షంలో ఒక మంచి వాన పడగానే నాటాం. ఆ తర్వాత వచ్చిన ఆగస్టు, 1901 నుంచి లెక్కలు ఉన్నంతలో దేశం మొత్తం మీద అతి తక్కువ వర్షం పడిన ఆగస్టు. కర్ణాటక ప్రభుత్వం రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించింది. 2024 మార్చి నాటికి బెంగళూరు నగరంలోనే ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. మా చిన్నాయన బోరు ఫిబ్రవరిలోనే ఎండిపోయింది. సేంద్రియ ఎరువును పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన కాలం కోరుకున్నా దొరకదు.

నాలుగు వరుసలు, వరుసకు యాభై మొక్కలు పెట్టాం. ప్రతి వరుసలోనూ సుబాబుల్ ఇరవై, గ్లిరిసీడియా పదిహేను, అవిసె పది, మునగ ఐదు. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న గుంతలు తీయించాం. మొదటి వరుసలో గుంతకు మూడు కిలోల వర్మీకంపోస్టు, రెండో వరుసలో ఐదు కిలోల నగర కంపోస్టు, మూడో వరుసలో చిన్నాయన దొడ్డిలోని మేక పెంటికలు ఆరు నెలలు మాగబెట్టి చేసిన ఎరువు ఐదు కిలోలు వేశాం. ఈ మూడు వరుసల్లో ప్రతి గుంతకూ వంద గ్రాముల వేపపిండి కలిపాం. నాలుగో వరుసకు ఏమీ వేయలేదు. దుకాణంలో ఆ రోజు వర్మీకంపోస్టు కిలో పన్నెండు రూపాయలు, నగర కంపోస్టు ఐదు, వేపపిండి ముప్పై ఆరు పడింది. ట్రాలీ ఆటో కిరాయి కాకుండా మొత్తం 3590 రూపాయలు అయింది.

దుకాణంలో కూర్చునే పెద్దాయన కుప్పం వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి రోజే ఆయన చేసిన ఒక పని నాకు నచ్చింది. నేను అడగకముందే ఒక సంచి మూతి విప్పి, గుప్పెడు ఎరువు తీసి నా చేతిలో పోసి, "వాసన చూసి తీసుకోండన్నా" అన్నారు. అది వాన పడిన మన్ను వాసన వేసింది. వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలింది, అరచేతికి మరక అంటలేదు. అమ్మే మనిషి మూత విప్పడానికి వెనుకాడకపోవడం, ఈ వ్యాపారంలో చిన్న విషయం కాదు. సంచి మీద తయారీ తేదీ, పోషకాల శాతాలు అచ్చు వేసి ఉన్నాయి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, నత్రజని కనీసం 1 శాతం, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కనీసం 0.8 శాతం ఉండాలి. నేను కొన్న సంచి మీది అంకెలు వీటికి కొంచెం పైనే ఉన్నాయి.

అయితే ఆ అంకెల్లో దేనిని చూడాలన్న విషయంలో దుకాణం ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. అక్కడ ఎవరు వెళ్లినా ముందుగా నత్రజని శాతం చూపించి అమ్ముతారు. ఆకు కావాలంటే నత్రజని కావాలన్న మాట గడ్డికి, మొక్కజొన్నకు సరిపోతుంది. మేము పెట్టిన వాటిలో మునగ తప్ప మిగిలిన మూడూ చిక్కుడు జాతివి. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి వాటికి ఇస్తుంది. ఆ బుడిపెలు ఏర్పడి సరిగా పనిచేయడానికి కావలసింది భాస్వరం. మన ఎర్రనేలల్లో మొక్కకు సరిగా అందని పోషకాల్లో అది కూడా ఒకటి. కిలో పన్నెండు రూపాయల వర్మీకంపోస్టులో నత్రజని పది గ్రాములే. అంటే గ్రాముకు ఒక రూపాయి ఇరవై పైసలు. వేపపిండిలో నత్రజని ఐదు శాతం వరకు ఉంటుంది కనుక ముప్పై ఆరు రూపాయలకు యాభై గ్రాములు వస్తుంది, గ్రాముకు డెబ్బై రెండు పైసలు. నత్రజని కోసమే అయితే వర్మీకంపోస్టు కొనడం డబ్బు దండగ. దానిని కొనవలసింది అందులోని కర్బనం కోసం, గుంతకు అందే ఇరవై గ్రాములకు పైబడిన భాస్వరం కోసం, అన్నిటికంటే ముఖ్యంగా తడిని పట్టి ఉంచే గుణం కోసం. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు. రాక్ ఫాస్ఫేటు (భాస్వరం ఉన్న రాతి పొడి) సంచులు మూలన పడి ఉన్నా, చిక్కుడు జాతి మేత చెట్లకు పెడుతున్నానని చెప్పిన మనిషికి దానిని కంపోస్టులో కలుపుకొమ్మని సూచించకపోవడం లోపమనే అంటాను. కొంచెం ఆమ్ల గుణం ఉన్న ఎర్రనేలలో ఆ పొడి మెల్లగా కరిగి పనికివస్తుంది.

తడి గురించి నాకు స్పష్టంగా తెలిసింది 2024 ఫిబ్రవరిలో. వర్మీకంపోస్టు వరుసలో పక్కపక్కనే ఉన్న రెండు సుబాబుల్ మొక్కల్లో ఒకటి నడుము ఎత్తున ఆకులతో నిలబడి ఉంది. రెండోది మోకాలి ఎత్తులోనే ఆగి, ఆకులు ముడుచుకుని ఉంది. కారణం చూద్దామని రెండింటి పక్కనా గడ్డపారతో తవ్వాం. బాగున్న మొక్క గుంతలో ఎరువు అడుగున మన్నుతో కలిసిపోయి నల్లగా ఉంది. జానెడు లోతులో చేయి పెడితే చల్లగా తగిలింది. తెల్లని పీచు వేళ్లు ఆ నల్లటి మన్నును గూడులా అల్లుకుని ఉన్నాయి. రెండో గుంతలో కూలీ మనిషి ఎరువు అడుగున కలపకుండా, మొక్క నాటిన తర్వాత పైన చుట్టూ పోసినట్టుంది. అది ఎనిమిది నెలల తర్వాత కూడా పోసింది పోసినట్టే, కాఫీ పొడిలా పొడిపొడిగా పడి ఉంది. కింద మన్ను ఇటుకలా గట్టిపడింది. ఒకే సంచిలోని ఎరువు, ఒకే రోజు, రెండు అడుగుల దూరంలో.

దీని వెనుక ఉన్న సంగతి సూటిగా ఉంటుంది. యూరియా లాగా సేంద్రియ ఎరువు నీటిలో కరిగి నేరుగా వేరుకు చేరదు. సూక్ష్మజీవులు దానిని విరగ్గొట్టాలి. వాటికి తేమ లేకపోతే పని ఆగిపోతుంది. అందువల్ల కరువులో పైన చల్లిన సేంద్రియ ఎరువు ఎండలో ఉన్న ధాన్యపు మూట లాంటిది. ఉంటుంది గాని ఎవరికీ అందదు. అదే ఎరువు లోతులో, మన్నుతో కలిసి, పైన గడ్డీ ఆకుల కప్పు ఉన్నప్పుడు ముందుగా నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీటి వల్లనే తర్వాత ఆహారంగా మారుతుంది. ఆ నెలలోనే రాగి గడ్డి, గ్లిరిసీడియా కొమ్మల ఆకులు తెచ్చి ప్రతి మొదలు చుట్టూ నాలుగు వేళ్ల మందాన పరిచాం. ఎరువు మీద ఖర్చు పెట్టి కప్పు మీద పెట్టకపోవడం మేము చేసిన మొదటి పొరపాటు. దుకాణం వాళ్లు ప్రతి సంచితో ఇచ్చే చిన్న కాగితంలో "మొక్క చుట్టూ చల్లి నీళ్లు పోయాలి" అని ఒకే సూచన ఉంది. నీళ్లు ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. మెట్ట రైతు కోసం వేరే కాగితం వేయించమని పెద్దాయనకు చెప్పాను. విన్నారు, ఇంకా వేయించలేదు.

2024 ఏప్రిల్ నాటికి ఎరువు వేయని వరుసలో సగానికి పైగా మొక్కలు ఎండిపోయాయి. మిగిలిన మూడు వరుసల్లో చచ్చినవి తక్కువ. ఆ మూడింటిలో అన్నిటికంటే బాగా నిలబడింది, నిజం చెప్పాలంటే, దుకాణంలో కొన్నది కాదు, దొడ్డిలోని మేక ఎరువు. పశువుల పేడ ఎరువులో నత్రజని అర శాతం చుట్టుపక్కల ఉంటే మేక, గొర్రె ఎరువులో మూడు శాతం వరకు ఉంటుంది, పొటాష్ కూడా ఎక్కువే. అయితే దానిని తప్పక మాగబెట్టాలి. పచ్చి పెంటికలు పొడి నేలలో వేస్తే చెదలను పిలిచినట్టే అవుతుంది, మగ్గే వేడి లేత వేళ్లకు తగులుతుంది. కాబట్టి సొంత మంద ఉన్నవాళ్లు వర్మీకంపోస్టు కోసం బెంగళూరు దాకా రావలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మంద లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, నగరంలో ఉంటూ ఊళ్లో పొలం చూసుకునే నా వంటివాళ్లకు మాత్రం అది అక్కరకు వస్తుంది.

నగర కంపోస్టు విషయంలో నా మనసు ఇప్పటికీ రెండు వైపులా లాగుతోంది. బెంగళూరు చెత్తను కంపోస్టుగా మార్చే పని ఈ నగరానికి కొత్తది కాదు. కర్ణాటక కంపోస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1975లోనే ఏర్పడింది. నగరం తినగా మిగిలినది చుట్టుపక్కల పొలాలకు తిరిగి చేరాలన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. ధర కూడా అందుబాటులో ఉంది, తడిని పట్టే గుణం వర్మీకంపోస్టుకు దగ్గరగానే కనిపించింది. కానీ నేను కొన్న ఐదు సంచుల్లో రెండింటిలో గాజు పెంకులు, షాంపూ ప్యాకెట్ల ముక్కలు వచ్చాయి. పూలమొక్కలకైతే ఏరి పారేసి ఊరుకోవచ్చు. మేకలు తిరిగే చోట ప్లాస్టిక్ ముక్క గాలికి లేచి ఆకుల్లో చిక్కుకుంటే అది వాటి కడుపులోకి పోతుంది. పైగా మేతగా వెళ్లే ఆకు కనుక బరువు లోహాల గురించి కూడా ఆలోచించాలి. నిబంధన ప్రకారం కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష నివేదిక అడిగితే పెద్దాయన వెతికి తెచ్చి చూపించారు, అంకెలు హద్దులోనే ఉన్నాయి. నివేదిక దగ్గర ఉంచుకోవడం ఈ దుకాణానికి మంచి పేరు తెచ్చే విషయం. అయినా రెండో ఏడాది నుంచి నగర కంపోస్టును కంచె వెంట వేసిన కలప చెట్లకే పరిమితం చేశాను.

వేపపిండి మీద నాకు ఫిర్యాదు లేదు. మా నేలలో చెదల బెడద ఎక్కువ; వేపపిండి కలిపిన గుంతల్లో అది బాగా తగ్గింది. పిండి చేతికి కొంచెం జిడ్డుగా తగిలి, ముక్కుకు ఘాటుగా ఉంది. కొనే ముందు ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలిపి చూశాను. అడుగున ఇసుక తేరలేదు. వేపపిండిలో ఇసుక, మన్ను కలపడం తరచూ వినే మోసం కాబట్టి ఈ చిన్న పరీక్ష ఎవరైనా కౌంటరు దగ్గరే చేసుకోవచ్చు. దుకాణం వాళ్లు గ్లాసు అడిగితే ఇస్తారు, మొహం చిట్లించరు.

ఇక లోపం సంగతి. 2024 జూన్‌లో ఎండిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి నాటడానికి ఆరు సంచుల వర్మీకంపోస్టు ఫోనులో చెప్పి తెప్పించుకున్నాను. నేను వెళ్లి చూడలేదు. సంచులు పొలానికి చేరిన సాయంత్రం చిన్నాయన ఒక సంచి ఎత్తబోయి దించేశాడు. "ఎరువు తడిగా ఉంటే మంచిదే గదప్పా, దుడ్డు మాత్రం నీళ్లకు గూడా ఇచ్చినట్లయింది" అన్నాడు. సంచి అడుగున ముద్దగా అంటుకుని, పాత కోళ్లఫారం దగ్గర వచ్చే ఘాటైన వాసన వేసింది. ఒక కిలో ఇంటికి తెచ్చి, మిద్దె మీద వార్తాపత్రిక పరిచి, పలుచగా ఆరబోసి మూడు ఎండలు ఎండబెట్టాను. వంటింటి తూకంలో పెడితే 580 గ్రాములు మిగిలింది. అంటే 42 శాతం నీళ్లు. నిబంధన అనుమతించే 25 శాతం తీసివేసినా యాభై కిలోల సంచికి ఎనిమిదిన్నర కిలోల అదనపు నీళ్లకు నేను వంద రూపాయలు ఇచ్చుకున్నాను.

డబ్బు కంటే నన్ను బాధపెట్టింది మొక్కలకు జరిగిన నష్టం. ఆ వాసన చూసి కూడా, వాన పోతుందన్న తొందరలో రెండు సంచులు వాడేశాం. పన్నెండు రోజుల్లో కొత్త అవిసె మొక్కల ఆకుల కొసలు మాడినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. సరిగా మాగని ఎరువులో అమ్మోనియా, లవణాలు ఎక్కువగా ఉంటాయి. కోళ్ల ఎరువు కలిసి ఉంటే లవణం ఇంకా పెరుగుతుంది. నీరు పుష్కలంగా ఉన్న చోట ఆ లవణం కిందికి కొట్టుకుపోతుంది. పొడి నేలలో వేరు దగ్గరే నిలిచి, ఉన్న కాస్త తేమను కూడా వేరుకు అందకుండా చేస్తుంది. కరువులో మంచి ఎరువు ఎంత మేలు చేస్తుందో పచ్చి ఎరువు అంత కీడు చేస్తుంది. మిగిలిన సంచిలోంచి రెండు గుప్పెళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి మెంతులు చల్లాను, పక్కన మొదటి ఏడాది మిగిలిన ఎరువులోనూ చల్లాను. పాతదాంట్లో నాలుగో రోజుకే మొలకలు లేచాయి. కొత్తదాంట్లో ఒకటీ అరా వచ్చి వాడిపోయాయి.

ఆ రెండు డబ్బాలూ తీసుకుని దుకాణానికి వెళ్లాను. పెద్దాయన వాదించలేదు. ఆ విడత వేరే తయారీదారు దగ్గర నుంచి వచ్చిందని చెప్పి, వాడని నాలుగు సంచులు మార్చి ఇచ్చారు. వాడిన రెండింటికి డబ్బు ఇవ్వలేదు, చచ్చిన మొక్కలకు కూడా ఏమీ ఇవ్వలేదు. రవాణా ఖర్చు నేనే పెట్టుకున్నాను. న్యాయంగా చూస్తే సగమే జరిగిందని అంటాను. కానీ మెంతుల డబ్బా ఆయనను కదిలించింది. ఆ తర్వాత నుంచి ప్రతి కొత్త విడత వచ్చినప్పుడు కౌంటరు మీద ఒక డబ్బాలో మెంతులు మొలకెత్తించి పెడుతున్నారు. నేను చివరిసారి 2025 జూన్‌లో వెళ్లినప్పుడు కూడా ఆ డబ్బాలో పచ్చని మొలకలు ఉన్నాయి.

మేత విషయం కొంచెం చెబుతాను, ఎందుకంటే ఎరువు విలువ చివరికి తొట్టి దగ్గరే తేలుతుంది. మొదటి కోత 2024 అక్టోబరులో, మూడడుగుల ఎత్తులో కోశాం. సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు ఇరవై శాతానికి పైగా ఉంటాయి గాని మైమోసిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. మొత్తం మేతలో మూడో వంతుకు మించి పెడితే పశువుల వెంట్రుకలు రాలడం వంటి ఇబ్బందులు వస్తాయి. గ్లిరిసీడియాను మేకలు మొదట ముట్టలేదు. పూట సేపు వాడబెట్టి, రాగి గడ్డితో కలిపి పెడితే వారంలో అలవాటుపడ్డాయి. ఎండాకాలంలో అది ఆకు రాల్చేస్తుంది. చలికాలం రాకముందే ఒకసారి కొమ్మలు కొడితే కొత్త చిగురు నిలుస్తుంది. అవిసెకు మాత్రం తల నరకకూడదు, పక్క కొమ్మలే విరవాలి. ఈ సంగతి తెలియక మొదటి కోతలో మూడు చెట్లు పోగొట్టుకున్నాం. 2025 ఏప్రిల్‌లో చుట్టుపక్కల వాళ్లు ఎండు గడ్డి కొంటుంటే మా మేకలకు రోజూ ఒక మోపు పచ్చి సొప్పు దొరికింది.

ఇప్పుడు ఈ దుకాణంలో ఏమి కొనాలో, ఎలా కొనాలో అడిగేవాళ్లకు నా సలహా ఇది. ఫోనులో చెప్పి తెప్పించుకోవద్దు. స్వయంగా వెళ్లి, పై సంచి కాకుండా అడుగు సంచి విప్పించండి. వేపపిండి నిశ్చింతగా తీసుకోవచ్చు. వర్మీకంపోస్టు తయారీ తేదీ, తయారీదారు పేరు, కౌంటరు మీది మెంతుల డబ్బా చూసి తీసుకోండి. సంచిని చేత్తో ఎత్తి చూడండి, తేమ ఎక్కువైతే బరువే చెబుతుంది. రాక్ ఫాస్ఫేటు మీరే అడిగి తీసుకోవాలి. నగర కంపోస్టు మేత చెట్లకు వద్దు. బిల్లు తప్పక తీసుకుని, అందులో విడత సంఖ్య రాయించుకోండి. నాకు నాలుగు సంచులు మారింది ఆ బిల్లు వల్లనే. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు. పొద్దున తొమ్మిదికల్లా వెళితే పెద్దాయన తీరిగ్గా ఉంటారు, సంచులన్నీ విప్పి చూపిస్తారు. ఈ వానాకాలానికి నేను మూడు సంచుల వర్మీకంపోస్టు, పదిహేను కిలోల వేపపిండి తీసుకున్నాను. ఈసారి గుంతలో ఎరువు కలిపేటప్పుడు పొలంలో నేనే ఉన్నాను.